గడప దాటని రోగి లెక్క

బజారులో పప్పు తూచు వర్తకుని త్రాసు సరియైనదో కాదో విచారించుటకు తూనికలు, కొలతల శాఖ యున్నది. ఆ శాఖవారి ముద్ర లేని రాళ్లతో తూచుట నేరము. కిలో కందిపప్పు కొనువానికి ఇట్టి రక్షణ కావలెనని తలచిన లోకము, గుండె జబ్బు చేసిన మనుష్యుని ఏ ఆస్పత్రికి చేర్చవలెనో చెప్పు తూనిక ఎవరి చేతిలో నున్నది, దాని రాళ్లకు ముద్ర వేసినవారెవరు అను ప్రశ్నను మాత్రము చాలకాలము అడుగకయే యుండినది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ తూనిక గడచిన ఇరువది యేండ్లుగా ప్రభుత్వముతో పాటు ఆరోగ్య బీమా సంస్థల చేతికిని వచ్చినది. అది దేనిని తూచుచున్నది, దేనిని తూచక విడుచుచున్నది అను విచారణ ఆ దేశముతోనే తీరిపోవునది కాదు. బీమా పత్రము చూపినగాని ఆస్పత్రి ద్వారము తెరువబడని కాలము మన తెలుగు నేలకును వచ్చియున్నందున, అచ్చటి అనుభవము మనకు పాఠము కావలసియున్నది.

ముందుగా ఆ పద్ధతి యెట్టిదో తెలిసికొందము. అచ్చటి బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ సంస్థల సంఘము 2006 మొదలుకొని ‘బ్లూ డిస్టింక్షన్’ అను పేరుతో కొన్ని ఆస్పత్రులను ఉత్తమ కేంద్రములుగా గుర్తించుచున్నది. ఎట్నా, సిగ్నా మొదలైన సంస్థలును తమతమ పేర్లతో ఇట్టి గుర్తింపులను ఇచ్చినవి. ఏడాదికి ఎన్ని బైపాస్ శస్త్రచికిత్సలు, ఎన్ని యాంజియోప్లాస్టీలు జరుగుచున్నవి, వానిలో ఎందరు మరణించిరి, ఎందరికి ఉపద్రవములు కలిగినవి, ఇంటికి పోయినవారిలో ఎందరు మరల ఆస్పత్రిలో చేరిరి అనునవి గుండె చికిత్స విషయమున ఇందులకు సామాన్యముగా చూచు కొలతలు. వీనికి తోడు, వ్యయము తక్కువగా నున్న కేంద్రములకు పేరు ప్రక్కన మరొక గుర్తు చేర్చు ఆచారమును తరువాత వచ్చినది. ఈ గుర్తింపు ఆస్పత్రి గోడకు తగిలించు పటముతో ముగిసిపోదు. కొన్ని పాలసీలలో గుర్తింపు గల కేంద్రమునకు పోయిన రోగి చేతినుండి పెట్టుకొనవలసిన సొమ్ము తగ్గును. 2010లో లోవ్స్ అను వర్తక సంస్థ క్లీవ్‌లాండ్ క్లినిక్‌తో ఒప్పందము చేసికొని, గుండె శస్త్రచికిత్స అవసరమైన తన యుద్యోగులు అచ్చటికి పోవుటకు ప్రయాణవ్యయమును సైతము భరించుటకు సిద్ధపడినది. అనగా తూనికలోని యొక్కొక్క గింజ భేదమును, రోగి ఏ దిక్కునకు పయనము కట్టవలెనో, ఎంత దూరము పోవలెనో, ఎంత చెల్లింపవలెనో నిర్ణయింపగల బలము గలదై యున్నది.

ఆస్పత్రిని ఫలితమునుబట్టి తూచవలెనను భావము బీమా సంస్థలకు పూర్వమే పుట్టినది. ఇరువదవ శతాబ్దము తొలి దశకములలో బోస్టన్ నగరమున ఎర్నెస్ట్ ఆమరీ కాడ్మన్ అను శస్త్రవైద్యుడు, చికిత్స పొందిన ప్రతి రోగిని ఏడాది తరువాత మరల విచారించి, అతనికి మేలు కలిగినదా, కలుగనిచో ఏ లోపమువలన కలుగలేదు అని వ్రాసి యుంచవలెనని వాదించెను. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పెద్దలకు ఆ వాదము రుచింపలేదు. 1914లో ఆయన అచ్చటి యుద్యోగమును విడిచెను. అంతకు మునుపే తాను స్థాపించిన చిన్న ఆస్పత్రిలో 1911 మొదలు 1916 వఱకు చికిత్స పొందిన 337 మంది విషయమున జరిగిన 123 పొరపాటులను తానే అచ్చువేసి లోకమునకు ప్రకటించెను. తన తప్పులను తాను లెక్కించుకొనుటతో మొదలైన యీ విద్య, కాలక్రమమున ఇతరుల తప్పులను లెక్కించి వానికి వెల కట్టు విద్యగా మారినది. ఆ మార్పుతోడనే దాని చిక్కులును పుట్టినవి.

ఈ విద్యకు పెద్ద ప్రయోగశాల న్యూయార్క్ రాష్ట్రము. 1989లో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ బైపాస్ శస్త్రచికిత్స చేయు ప్రతి ఆస్పత్రినుండి, రోగి వయస్సు, గుండె రక్తమును నెట్టు శక్తి, మధుమేహము, మూత్రపిండముల స్థితి మొదలగు వివరములతో కూడ లెక్కలు సేకరింప నారంభించెను. ఎక్కువ ప్రమాదములో నున్నవారిని చేర్చుకొన్న ఆస్పత్రికి అన్యాయము జరుగకుండుటకై, రోగుల తీవ్రతనుబట్టి మరణశాతమును సవరించు గణితము ఇందులో ప్రధానాంగము. మొదట ఆస్పత్రుల లెక్కలు మాత్రమే వెలువడినను, న్యూస్‌డే పత్రిక న్యాయస్థానమునకు పోయి గెలిచిన పిమ్మట 1991లో శస్త్రవైద్యుల పేరుపేరున లెక్కలు బయటికి వచ్చినవి. 1989, 1992 సంవత్సరముల నడుమ ఆ రాష్ట్రమున సవరించిన బైపాస్ మరణశాతము 4.17 నుండి 2.45కు దిగెనని, అనగా నూటికి 41 పాళ్లు తగ్గెనని 1994లో పరిశోధకులు ప్రకటించిరి. లెక్క చూచి సిగ్గుపడి ఊరకుండక, కారణము వెదకిన ఆస్పత్రులును ఉన్నవి. ఆల్బనీలోని సెయింట్ పీటర్స్ ఆస్పత్రివారు తమయొద్ది మరణములు ముఖ్యముగా అత్యవసరస్థితిలో వచ్చిన రోగులలో కలుగుచున్నవని కనుగొని, అట్టివారిని ముందుగా స్థిమితపఱచి తరువాత శస్త్రచికిత్సకు గొనిపోవు పద్ధతి నవలంబించి మేలు పొందిరి. కాడ్మన్ కోరినది ఇదియే. లెక్క అద్దమై, అద్దము చూచినవాడు తన ముఖము తాను కడుగుకొనుటయే ఆ విద్యకు సార్థకత.

కథ ఇంతటితో ముగిసినచో విచారింపవలసినది మిగులకుండెడిది. పొరుగున నున్న పెన్సిల్వేనియాలోను ఇట్టి ప్రకటనలు వెలువడినవి. అచ్చటి హృద్రోగ వైద్యులను ప్రశ్నించి 1996లో ప్రచురించిన అధ్యయనములో, మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న రోగికి బైపాస్ చేయుటకు ఒప్పుకొను శస్త్రవైద్యుడు దొరకుట మునుపటికన్న కష్టమైనదని 59 శాతము మంది చెప్పిరి. అట్టివారిపై కత్తి పట్టుటకు తమకు ఇచ్ఛ తగ్గినదని శస్త్రవైద్యులలో 63 శాతము మంది తామే యొప్పుకొనిరి. 2003లో ఆర్థికశాస్త్రజ్ఞులు కొందఱు ఈ రెండు రాష్ట్రముల వృద్ధరోగుల చరిత్రలను ఇతర రాష్ట్రముల వారితో పోల్చి, ప్రకటనల పిమ్మట శస్త్రచికిత్స కొంత ఆరోగ్యము మెఱుగుగా నున్న రోగులవైపు మొగ్గినదనియు, తీవ్రరోగుల గతి మఱింత చెడినదనియు తేల్చిరి. న్యూయార్క్‌లో ప్రకటనలు వెలువడిన పిమ్మట కొన్నేండ్లపాటు బైపాస్ పొందుటలో తెల్లవారికిని, నల్లజాతివారు మొదలైనవారికిని నడుమ నున్న అంతరము పెరిగినదని 2005లో మరియొక పరిశోధన వెల్లడించెను. 2012లో వెలువడిన పరిశీలనలో, ఫలితములు ప్రకటించు రాష్ట్రములలో గుండెపోటు వచ్చిన వృద్ధులకు యాంజియోప్లాస్టీ జరిగినది 37.7 శాతము మందికి కాగా, ప్రకటింపని రాష్ట్రములలో అది 42.7 శాతముగా నుండెను. మరణములలో మొత్తముమీద భేదము కనబడలేదన్న మాటయు చెప్పుట న్యాయము. కాని ఆ అయిదు పాళ్ల మంది విషయమున చేయి వెనుకకు లాగినది రోగి అవసరమా, వైద్యుని భయమా అను సందేహము తీరునది కాదు.

ఈ వైద్యులను కఠినహృదయులని నిందించుట సులువు, గాని సత్యము కాదు. రోగి చనిపోయినచో తన పేరు ప్రక్కన అంకె పెరుగునని, చేర్చుకొనక పంపివేసినచో ఏ పద్దులోను చేరదని యెఱిగినవాడు, తెలిసియో తెలియకయో రెండవ దారికే మొగ్గును. ఇచ్చట దోషము మనుష్యునికన్న పద్దు వ్రాసిన తీరులో నున్నది. శస్త్రచికిత్స బల్లపై కన్నుమూసినవాడు లెక్కకు వచ్చును; బల్లకు చేరనీయక వేరొక యూరికి పంపగా దారిలో కన్నుమూసినవాడు ఎవరి లెక్కలోను లేడు. ఫలితము అను మాటకు అర్థము చికిత్స పొందినవారి గతి మాత్రమేయని నిర్ణయించిననాడే, చికిత్స అందుబాటు అను రెండవ ప్రశ్న చిట్టానుండి తొలగింపబడినది. దీనికి సాక్ష్యము న్యూయార్క్‌లోనే దొరకినది. గుండె శక్తి యుడిగి రక్తపుపోటు పడిపోయిన షాకు రోగులను 2006 ప్రాంతమున ప్రకటనల లెక్కనుండి మినహాయించిన పిమ్మట, ఆ రాష్ట్రమున అట్టివారికి యాంజియోప్లాస్టీ చేయుట పెరిగినది. అంతవఱకు వారిని ద్వారము వద్ద నిలిపియుంచినది వైద్యశాస్త్రముకన్న లెక్కయే యని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇంతటి కలవరము కలిగించిన యీ అంకెలు రోగికైనను ఉపయోగపడినవా? పెన్సిల్వేనియాలో బైపాస్ చేయించుకొన్న 474 మందిని ప్రశ్నించి 1998లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, శస్త్రచికిత్సకు మునుపు ఇట్టి ప్రకటన కలదని యెఱిగినవారు 12 శాతమే. తమ ఆస్పత్రి లేక తమ వైద్యుని శ్రేణిని సరిగా చెప్పగలిగి, దానిని మనస్సున నుంచుకొని నిర్ణయము చేసికొన్నవారు నూటికొకరైనను లేరు. ఇందులో వింత లేదు. ఛాతీలో బరువెక్కి, చెమటలు క్రమ్మి, ఎడమచేయి లాగుచున్న మనుష్యుడు జాబితాలు తిరుగవేయడు. అతనిని ఆస్పత్రికి చేర్చునది అంబులెన్సు, దారి చూపునది ఇంటివారి తొందర. కావున ఈ తూనికను నిజముగా వినియోగించునది రోగికన్న సొమ్ము చెల్లించువాడే.

అంకెలలోనే మరియొక బలహీనత గలదు. నూటికి మూడు మరణములే సహజమైన రెండు ఆస్పత్రులు, ఏడాదికి నూరేసి శస్త్రచికిత్సలు చేయుచున్నవనుకొందము. రెండింటి నేర్పును సమానమే. అయినను కేవల యాదృచ్ఛికముగా, ఇంచుమించు అయిదేండ్లకొక పర్యాయము ఒకదానిలో అయిదుగురు లేక అంతకన్న ఎక్కువ మంది మరణింపవచ్చును. అట్లే అయిదేండ్లకొక పర్యాయము ఒక్కరే మరణింపవచ్చును, ఒక్కరును మరణింపకయు పోవచ్చును. ఆ ఏటి పద్దు మాత్రమే చూచినవారు ఒకదానిని ఉత్తమమని మెడలో హారము వేయుదురు, రెండవదానిని అధమమని జాబితానుండి తొలగింతురు. గాలివాటమున లేచిన పొట్టును చూచి గింజ బరువు చెప్పుట వంటిదే ఈ పని.

ఇక బీమా సంస్థల గుర్తింపులకు వత్తము. న్యూయార్క్ రాష్ట్రమున యాంజియోప్లాస్టీ చేయు ఆస్పత్రులలో బీమా సంస్థలచే ‘ఉత్తమ కేంద్రములు’గా గుర్తింపబడినవానిని, గుర్తింపు లేనివానిని పోల్చి చూచిన పరిశోధన యొకటి 2019లో వెలువడెను. మరణములలోగాని, రోగులు మరల ఆస్పత్రిలో చేరుటలోగాని, గుర్తింపు గలవి మెఱుగుగా నున్నట్లు అందులో కనబడలేదు. ఇది ఆశ్చర్యము కాదు, ఏలయన బీమా సంస్థ చేతిలో నున్న సమాచారము ప్రధానముగా క్లెయిముల సమాచారము. క్లెయిము పత్రము సొమ్ము రాబట్టుటకై వ్రాయబడునది; గుండె ఎంత బలహీనముగా నుండెను, రోగి ఏ స్థితిలో ద్వారమున కాలు పెట్టెను అనునవి అందులో లీలామాత్రముగనే యుండును. అంతకన్న పెద్ద ప్రశ్న వేరొకటి గలదు. చెల్లింపు తగ్గుటయే లాభముగా గలవాడు, ఏ ఆస్పత్రి మంచిదో నిర్ణయించువాడును తానే యైనప్పుడు, నాణ్యత యను తక్కెడలో వ్యయమను వేలు పడలేదని రోగి యెట్లు నమ్మవలెను? సంస్థ దురుద్దేశము గలదని ఆరోపించుట నా యభిప్రాయము కాదు. వాది ప్రతివాదులలో ఒకడు న్యాయాధిపతి పీఠమున కూర్చున్నచో, అతడెంత ధర్మాత్ముడైనను తీర్పు తీర్పు కాదని మాత్రమే నా మనవి.

ప్రభుత్వమే బీమాదారుడైనప్పుడును ఈ చిక్కు తొలగలేదు. వృద్ధులకు వైద్యవ్యయము భరించు మెడికేర్ 2012 అక్టోబరు మొదలు, డిశ్చార్జి యైన ముప్పది దినములలో మరల చేరువారి సంఖ్య అధికముగా నున్న ఆస్పత్రులకు చెల్లింపులో కోత విధింప నారంభించెను. కాలక్రమమున ఆ కోత నూటికి మూడు పాళ్ల వఱకు పెరిగినది. మరల చేరుటలు తగ్గినవి. కాని గుండె వైఫల్యముతో బాధపడువారిలో ఇంటికి పోయిన తరువాతి మరణములు అదే కాలమున పెరిగినవని 2018లో పరిశోధకులు చూపగా, అది కోత ఫలితమా కాదా అను వివాదము బయలుదేరినది. వివాదము నెవరు గెలిచినను, ఆస్పత్రికి రాకుండుటయే ఆరోగ్యమునకు గుర్తుగా భావించు కొలత యెంత ప్రమాదకరమో మాత్రము తెలిసినది. ఇంటిలోనే ఊపిరాడక మంచమున కూర్చుండి తెల్లవారువఱకు గడపిన వృద్ధురాలు ఆ కొలతలో ఆరోగ్యవంతురాలి క్రింద లెక్క.

తూనికలన్నియు వ్యర్థమని దీనివలన తేల్చరాదు. గుండెపోటు తరువాత బీటాబ్లాకరు మందులు ఇచ్చిన రోగికి ప్రాణాపాయము తగ్గునని చాలకాలముగా తెలిసియుండియు, 1990ల నడుమ అమెరికాలో అనేకులకు ఆ మందు అందకుండెను. 1996లో ఈ మందు ఎందఱు రోగులకు చేరుచున్నదో ప్రతి బీమా సంస్థయు చూపవలెనను కొలతను ఒక జాతీయ సంఘము ప్రవేశపెట్టెను. పదియేండ్లు గడచునప్పటికి సంస్థలలో అధికభాగము నూటికి తొంబదికి పైగా రోగులకు మందు చేర్చుచున్నందున, ఇక కొలువవలసిన పని లేదని 2007లో దానిని విరమించిరి. ఈ కొలత యెందుకు జయించినది? ఇందులో తూచబడినది ఆస్పత్రి కాదు, బీమా సంస్థయే. తూనికవలన ఏ రోగిని త్రోసివేసినను లాభము లేదు, ఏలయన మందు అందనివాడే లెక్కలో లోటుగా నిలుచుచున్నాడు. అందనివారిని లెక్కలోనికి తెచ్చిన తూనిక మేలు చేసినది. అందినవారిని మాత్రమే లెక్కించిన తూనిక ద్వారము మూయించినది. ఈ విచారణలో నాకు దొరకిన సారము ఇంతే.

గడియారము విషయమునను ఇదే సత్యము. మూసుకొనిపోయిన గుండె రక్తనాళమును, రోగి ఆస్పత్రి ద్వారము చేరిన తొంబది నిమిషములలో తెరువవలెనని అమెరికా వైద్యులు దీక్ష పూనిరి. 2005లో నడిమి విలువగా 96 నిమిషములు పట్టుచుండిన పని, 2010 నాటికి 64 నిమిషములకు దిగినది. ఇది గొప్ప కార్యమే. కాని దేశవ్యాప్తముగా వేలకొలది రోగుల చరిత్రలు పరిశీలించి 2013లో వెలువడిన మరియొక అధ్యయనములో, ఆస్పత్రిలో గడచు సమయము తగ్గినను ఆస్పత్రిలోని మరణశాతము ఇంచుమించు మారకయే యుండెను. గుండె కండకు ఆస్పత్రి గడియారముతో పని లేదు. దాని గడియారము నొప్పి మొదలైన క్షణమున తిరుగ నారంభించును. ద్వారము వద్ద మొదలగు గడియారము, ద్వారమునకు చేరకమునుపు జరిగిన నష్టమును చూడజాలదు. ఆ లోటు తీర్చుటకు కేంద్రములు పెంచినచో చాలునా యనినచో, దానికిని సమాధానమున్నది. 2001, 2006 నడుమ అమెరికాలో యాంజియోప్లాస్టీ చేయు ఆస్పత్రులు 1176 నుండి 1695కు పెరిగినవి. అయినను అట్టి కేంద్రమునకు అరువది నిమిషములలో చేరగల జనులు 79.0 శాతమునుండి 79.9 శాతమునకు మాత్రమే పెరిగిరి. క్రొత్త కేంద్రములు ప్రాత కేంద్రముల ప్రక్కనే, సొమ్ము గల వీధులలోనే వెలసినవని దీని యర్థము.

ఇప్పుడు మన యింటివైపు చూతము. భారతదేశమున 50 నగరములలోని 89 ఆస్పత్రులలో 20,468 మంది హృద్రోగులను పరిశీలించిన ‘క్రియేట్’ అధ్యయనము 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడెను. తీవ్రమైన గుండెపోటుతో వచ్చినవారు నొప్పి మొదలైనది మొదలు ఆస్పత్రి చేరువఱకు గడచిన నడిమి కాలము 360 నిమిషములు. అనగా అమెరికావారు ద్వారము లోపల తొంబది నిమిషములకై పోరాడుచుండగా, మనవారు ద్వారము వెలుపలనే ఆరు గంటలు కోల్పోవుచుండిరి. ముప్పది దినములలో మరణించినవారు ధనికులలో 5.5 శాతము కాగా, పేదలలో 8.2 శాతము; పొందిన చికిత్సలలోని భేదమును లెక్కలోనికి తీసికొన్నంతనే ఈ అంతరము మాయమైపోయినది. పేదవాని గుండె వేరొక కండతో చేయబడలేదు. అతనికి చేరవలసిన మందును, చేయవలసిన చికిత్సయు చేరలేదు.

తెలుగునాట ఈ దూరమును తగ్గించుటకు జరిగిన ప్రయత్నములు చిన్నవి కావు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ హైదరాబాదులో మొదలైనది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వైద్య పథకము, మొదట బీమా సంస్థ ద్వారాను, తరువాత ట్రస్టు ద్వారాను, తెల్లకార్డు గల కుటుంబమునకు గుండె శస్త్రచికిత్సను కలలోని మాట కాకుండ చేసినది. తెలంగాణమున 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షల రూపాయలకు పెంచబడెను. ఔషధ ధరల ప్రాధికార సంస్థ 2017 ఫిబ్రవరిలో రక్తనాళమును తెరచియుంచు స్టెంటులలో మందు పూత గలదానికి 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించుటయు ఈ మార్గమున పెద్ద యడుగు. ఆస్పత్రి వరండాలో బల్ల వేసికొని కూర్చున్న ఆ పథకపు సహాయకుడు ఆరోగ్యమిత్ర, చదువురాని తల్లికి కాగితములు నింపిపెట్టి బిడ్డను గుండె ఆపరేషనుకు పంపిన దృశ్యము ఈ నేలపై ఎందఱి కన్నులలోనో తడిగా నిలిచియున్నది.

అయినను ఈ పథకముల జాబితాలో చేరిన మన నెట్‌వర్క్ ఆస్పత్రుల విషయమున కొలత యేమి? పడకలెన్ని, యంత్రములెన్ని, వైద్యుల పట్టాలేవి, ఎన్.ఏ.బి.హెచ్. అను నాణ్యతా మండలి గుర్తింపు కలదా అని విచారింతుము. ఇవి అవసరములే, కాని ఇవి పొయ్యి, పాత్రలు, కట్టెలు చూచి వంట రుచి చెప్పుట వంటివి. ఏ ఆస్పత్రిలో స్టెంటు వేయించుకొన్నవారిలో ఏడాది తరువాత ఎందఱు జీవించియున్నారో తెలిసికొనదలచిన సామాన్యునికి సమాధానము దొరకదు. పాడేరు ఘాటు దిగి విశాఖపట్టణమునకును, ఉట్నూరునుండి బయలుదేరి హైదరాబాదునకును చేరవలసిన గిరిజనునికి నెట్‌వర్క్ జాబితాలోని పేరు, ఆకాశమున కనబడు చుక్క వంటిది. ప్యాకేజీ రుసుము చాలదని, పాత బకాయిలు రాలేదని ఆస్పత్రి చెప్పగా ‘పడకలు ఖాళీ లేవు’ అను మాట విని వెనుదిరిగినవాడు న్యూయార్క్ షాకు రోగికి సాక్షాత్తు సోదరుడు. అతడును ఏ పద్దులోను లేడు. సముద్రము దాటినను ఈ బెంగ మనవారిని విడువలేదు. కుమారునో కుమార్తెనో చూచుటకు అమెరికా పోయిన వృద్ధ దంపతుల సందర్శక బీమా పత్రములలో, పూర్వమే యున్న వ్యాధులకు చెల్లింపు లేదను వాక్యము తఱచుగా నుండును. రక్తపుపోటు మాత్రలు సంచిలో సర్దుకొని విమానమెక్కిన తండ్రికి, ఆ వాక్యము ఎదుట ఉత్తమ కేంద్రమని పేరొందిన ఆస్పత్రి ప్రక్కవీధిలో నున్నను ఖండాంతరమే.

కావున మనము నిర్మింపవలసిన తూనికకు కొన్ని ధర్మములు ఉండవలెను. మొదటిది, గడియారము ఆస్పత్రి ద్వారము వద్ద కాక నొప్పి మొదలైన వేళనుండి తిరుగవలెను. 108 పిలుపు వేళయు, మొదటి ఇ.సి.జి. వేళయు, రక్తపుగడ్డను కరగించు ఇంజెక్షను వేళయు ఒకే పద్దులో నుండవలెను. రెండవది, చేర్చుకొనక పంపివేసిన ప్రతి గుండెరోగి పేరు, కారణము, పంపిన చోటు వ్రాయబడి, ముప్పది దినముల తరువాత అతని గతి విచారింపబడవలెను. మూడవది, మిక్కిలి తీవ్రస్థితిలో నున్నవారి లెక్క వేరుగా నుంచి, వారిని చేర్చుకొన్న ఆస్పత్రికి శిక్షకు మారుగా అధిక రుసుము దక్కవలెను. నాలుగవది, ఒక్క ఏటి యంకెలతో శ్రేణులు కట్టక, మూడేండ్ల లెక్కలు కలిపి, అందలి యాదృచ్ఛికత యెంతటిదో ప్రజలకు అర్థమగు మాటలలో చెప్పవలెను. అయిదవది, ధనిక, పేద, పట్టణ, పల్లె భేదములు సగటు అను దుప్పటి క్రింద దాగకుండ విడివిడిగా ప్రకటింపవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది ఆరవది. ఆస్పత్రిని తూచు బీమా సంస్థయు, ట్రస్టును తామే తూనికకు ఎక్కవలెను. గుండె చికిత్సకు అనుమతి యిచ్చుటకు ఎన్ని గంటలు పట్టినది, ఎన్ని క్లెయిములు ఏ కారణమున నిరాకరింపబడినవి, ఆస్పత్రులకు బకాయిలు ఎన్ని నెలలు నిలిచినవి, చందాదారుని యింటినుండి జాబితాలోని, యాంజియోప్లాస్టీ చేయు క్యాథ్ ల్యాబ్ ఎంత దూరము అను నాలుగు ప్రశ్నలకు సమాధానము ప్రతి ఏడును ప్రకటించు బాధ్యత చట్టబద్ధము కావలెను. ఈ లెక్కలు కట్టువారు చెల్లించువారును, చికిత్స చేయువారును కాని మూడవవారై, తమ గణితమును ఎవరైనను పరీక్షించుటకు వీలుగా బయట పెట్టవలెను. వీనికి వ్యయమగునని వాదించువారు లేకపోలేదు. బీటాబ్లాకరు కథ వారికి సమాధానము. సరియైన ప్రశ్న అడిగిన తూనిక పదియేండ్లలో తన పని ముగించుకొని విశ్రమించినది. తప్పు ప్రశ్న అడిగిన తూనికలు మూడు దశాబ్దములుగా వివాదములనే పండించుచున్నవి.

కాడ్మన్ వ్రాసి యుంచవలెనన్న చీటీలో రోగి గతి మొదటిది, ఆస్పత్రి లోపము తరువాతది. ఆ వరుస తలక్రిందులైనందుననే ఇంత చిక్కు కలిగినది. ఏడాది గడచిన తరువాత ఆ మనుష్యుడు తన వాకిట అరుగుపై కూర్చుండి మనుమనితో మాటలాడుచున్నాడా లేదా అనునదే ఫలితము. అతడు ఏ ఊరివాడు, ఏ కార్డు గలవాడు, ఏ రాత్రివేళ నొప్పితో లేచినవాడు అనునవి ఆ ఫలితమునకు హేతువులు. ఏ గడపయు దాటకయే ప్రాణము విడిచిన మనుష్యుని పేరుకూడ ఆ చీటీలలో చేరిననాడు, ఆ తూనికకు ముద్ర వేయుటకు మనకు అధికారము కలుగును. అంతవఱకు ఉత్తమమను పేరుతో ఏ సంస్థ ఏ ఆస్పత్రికి హారము వేసినను, ఆ హారములో లేని పువ్వులెన్నో అడుగుట మన ధర్మము.